కారు రేంజ్ తగ్గింది: అలాగే నడపాలా, వారంటీ అడగాలా, రిపేరు చేయించాలా, అమ్మేయాలా?

కొత్తలో ఒక్క ఛార్జింగుకు 220 కిలోమీటర్లు ఇచ్చిన ఎలక్ట్రిక్ కారు నాలుగేళ్లకు 165 దగ్గరే ఆగిపోతోందంటే ఎవరికైనా ముందు తట్టేది "బ్యాటరీ పోయింది" అనే. ఆ తొందరలో తీసుకున్న నిర్ణయమే చాలామందికి లక్షల్లో నష్టం తెస్తుంది. రేంజ్ తగ్గడం వేరు, బ్యాటరీ అరిగిపోవడం వేరు. రెండూ కలిసే జరుగుతుంటాయి కాబట్టి ముందు వాటిని విడదీసి చూడాలి.

లెక్క చాలా చిన్నది. రేంజ్ అంటే బ్యాటరీలో వాడుకోగల యూనిట్లను కిలోమీటరుకు ఖర్చయ్యే కరెంటుతో భాగిస్తే వచ్చేది. వాడుకోగల యూనిట్లు 28.6, కిలోమీటరుకు ఖర్చు 130 వాట్-అవర్లు (1000 వాట్-అవర్లు ఒక యూనిట్) అయితే 220 కిలోమీటర్లు. ఇప్పుడు బ్యాటరీ 10 శాతం తగ్గి 25.7 యూనిట్లయింది, టైర్లూ ఏసీ వాడకమూ మారి ఖర్చు 156కు పెరిగింది అనుకోండి. రేంజ్ 165 అవుతుంది. కంటికి కనిపించే నష్టం 25 శాతం. ఆ 25లో బ్యాటరీ వాటా 10 మాత్రమే. మిగతాది మెకానిక్ షెడ్డులో, మన కుడికాలి కింద బాగుపడేదే.

## ముందు కొలవండి

డ్యాష్‌బోర్డు మీద కనిపించే "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అన్న అంకెను నమ్ముకోవద్దు. అది ఇటీవల మీరు నడిపిన తీరును బట్టి వేసే అంచనా మాత్రమే. నిన్న ఘాట్ రోడ్డు ఎక్కి ఉంటే ఈరోజు భయపెడుతుంది.

సరైన కొలత ఇలా:

1. నెమ్మది ఛార్జర్‌తో 100 శాతం నింపండి. 100 చూపించాక కూడా గంట, రెండు గంటలు ప్లగ్ తీయకండి. బ్యాటరీ లోపలి సెల్స్ (ఒక్కోటీ ఒక చిన్న బ్యాటరీ) వోల్టేజీలు సమం అయ్యే పని చాలా కార్లలో అప్పుడే జరుగుతుంది.
2. ట్రిప్ మీటరును సున్నా చేసి, రోజూ నడిపే దారిలో, రోజూ నడిపే పద్ధతిలో 20 శాతం దాకా నడపండి.
3. కిలోమీటర్లు, సగటు ఖర్చు రాసుకోండి. ఉదాహరణకు 132 కిలోమీటర్లు, 156 వాట్-అవర్లు. రెండూ హెచ్చించి 1000తో భాగిస్తే 20.6 యూనిట్లు. వాడింది 80 శాతం కాబట్టి 0.8తో భాగిస్తే మొత్తం 25.7.
4. 20 నుంచి 100కు మళ్లీ నింపేటప్పుడు ఇంటి మీటరు చూడండి. ఛార్జింగులో 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది కాబట్టి పై లెక్క నిజమైతే మీటరు 23, 24 యూనిట్లు తిరగాలి. 15 ఆంపియర్ల సాకెట్‌తో గంటల తరబడి నింపితే నష్టం ఇంకాస్త ఎక్కువ.

ఒక్కసారి కొలిచి తేల్చేయకండి. ఒకే సీజన్‌లో మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. దీనితో పాటు సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ శాతం (కొత్తప్పటి సామర్థ్యంలో ఇప్పుడు మిగిలింది), సెల్ వోల్టేజీల రిపోర్టు కాగితం మీద అడగండి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు పెట్టే బ్లూటూత్ రీడర్‌తో కొన్ని మోడళ్లలో మీరే చూసుకోవచ్చు. పని అయ్యాక దాన్ని తీసేయండి. అలాగే వదిలేస్తే 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోతుంది.

శాతం ఒక్కటే చూసి ఊరుకోకూడదు. నష్టం అన్ని సెల్స్‌లో సమానంగా ఉందా, ఒక్కచోటే ఉందా అన్నది దానికంటే ముఖ్యం. 18 శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా 6కు పడిపోవడం, 15 శాతం దగ్గరే పికప్ చచ్చిపోవడం, ఫాస్ట్ ఛార్జింగు మునుపటికంటే చాలా నెమ్మదించడం, ఇవి ఒక సెల్ లేదా ఒక మాడ్యూల్ (కొన్ని సెల్స్ కలిపిన గుంపు) బలహీనపడిందని చెప్పే గుర్తులు. సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి ఖాళీ అయితే మిగతావాటిలో కరెంటు ఉన్నా కారు ఆగాల్సిందే. ఇది అరుగుదల కాదు, లోపం. వారంటీ దగ్గర ఈ తేడా చాలా పనికొస్తుంది.

## మీకు నిజంగా ఎంత రేంజ్ కావాలి?

కొన్నప్పుడు ఎంత వచ్చేదన్నది ఇక్కడ ప్రమాణం కాదు. వారంలో మీరు ఎక్కువ తిరిగే రోజు ఎన్ని కిలోమీటర్లో చూసి 0.7తో భాగించండి. బ్యాటరీని 15 నుంచి 85 శాతం మధ్య వాడితే సరిపోవాలన్న లెక్క ఇది. ఆ రోజు 70 కిలోమీటర్లు తిరిగితే మీకు కావాల్సింది 100 కిలోమీటర్ల రేంజే. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చే మనిషికి 165 ఇచ్చే కారులో ఏ లోటూ లేదు.

ఇది తేలాక మరో మూడు ప్రశ్నలు: వారంటీ ఇంకా ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు మిగిలింది? ఇంట్లోనో ఆఫీసులోనో రాత్రంతా, పగలంతా ప్లగ్ పెట్టే వీలుందా? బ్యాటరీ బాగుంటే ఈ కారు ఈరోజు ఎంత పలుకుతుంది?

| దారి | ఖర్చు | తిరిగొచ్చే రేంజ్ | ఎవరికి |
|---|---|---|---|
| ఖర్చు తగ్గించుకుని నడపడం | టైర్లు, అలైన్‌మెంట్, ఏసీ సర్వీసు | పెరిగిన ఖర్చులో చాలా భాగం | హెల్త్ 85 శాతం పైన ఉన్నవాళ్లు |
| క్యాలిబ్రేషన్ (మిగిలిన ఛార్జి లెక్కను సరిచేయడం) | దాదాపు లేదు | కనిపించకుండా పోయిన రేంజ్ మాత్రమే | అంకెలు గంతులేస్తున్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ కార్లు |
| వారంటీ క్లెయిం | ఓపిక, కాగితాలు | హామీ ఇచ్చిన హద్దు దాకా, అంతకంటే ఎక్కువా రావచ్చు | హెల్త్ 70కి దగ్గరపడినవాళ్లు, సెల్ లోపం ఉన్నవాళ్లు |
| మాడ్యూల్ రిపేరు | మధ్యస్తం | మిగతా మాడ్యూళ్ల స్థాయి దాకా | వారంటీ దాటి, ఒక్కచోటే లోపం ఉంటే |
| కొత్త ప్యాక్ (బ్యాటరీ మొత్తం) | చాలా ఎక్కువ | బ్యాటరీ వల్ల పోయినదంతా | కారు మిగతా అంతా బాగుండి, రోజూ దూరం తిరిగేవాళ్లు |
| అమ్మకం, మార్పిడి | ధరలో కోత | కొత్త కారుది | అవసరమే మారిపోయినవాళ్లు |

## ఖర్చు తగ్గించుకోవడం

మిగతా ఏ దారి పట్టినా ముందు ఇది చేసి తీరాలి. ఇది చేయకుండా కొత్త ప్యాక్ వేయించినా రేంజ్ పూర్తిగా రాదు.

మొదటి అనుమానం టైర్ల మీద పెట్టుకోండి. కంపెనీ నుంచి వచ్చే టైర్లు తక్కువ రాపిడితో దొర్లేలా చేసినవి. అవి అరిగాక అదే సైజులో చవకగా దొరికినవి వేయిస్తే 5 నుంచి 10 శాతం రేంజ్ పోవడం మామూలే. మార్చిన తేదీకీ రేంజ్ పడిన తేదీకీ పొంతన కుదురుతుందేమో చూడండి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె ప్రకారం పదిహేను రోజులకోసారి కొట్టించాలి.

తర్వాత బ్రేకులు. ఎలక్ట్రిక్ కారులో వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకులు అరగవు. అరగకపోవడమే చిక్కు. వానాకాలంలో క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్‌ను డిస్కు మీద నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుని, ప్యాడ్ చక్రాన్ని పట్టుకునే ఉంటుంది. 20 కిలోమీటర్లు బ్రేకు పెద్దగా తొక్కకుండా నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి వేడి చూడండి (డిస్కును ముట్టుకోవద్దు). ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే దొంగ అక్కడే దొరికినట్టు. ఏడాదికోసారి క్యాలిపర్లు విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టించాలి. సముద్రం ఒడ్డున ఉండే విశాఖ, కాకినాడ కార్లకు వానాకాలం అయ్యాక తప్పనిసరి.

ఏసీ లెక్క ట్రాఫిక్‌లో వేరు, హైవే మీద వేరు. ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ తింటుందనుకుంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కిలోమీటరుకు 25 వాట్-అవర్లు పడుతుంది. 20 కిలోమీటర్ల వేగంతో ట్రాఫిక్‌లో ఈడుస్తుంటే అదే ఏసీ కిలోమీటరుకు 75 తింటుంది. మే నెలలో సిటీ రేంజ్ పడిపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. బయల్దేరే ముందు ప్లగ్‌లో ఉండగానే లోపల చల్లబరుచుకుంటే మొదటి పావుగంట భారం గోడ సాకెట్ మీద పడుతుంది. ఏసీ గ్యాస్ తగ్గితే కూడా అశ్రద్ధ చేయకండి. ద్రవంతో చల్లబడే బ్యాటరీ ఉన్న చాలా కార్లలో ఎండాకాలం ప్యాక్‌ను చల్లబరిచేది కూడా ఆ గ్యాసే. అది తక్కువైతే రేంజ్‌తో పాటు బ్యాటరీ ఆయుష్షూ తగ్గుతుంది.

ఇక వేగం. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే గాలి అడ్డు 56 శాతం ఎక్కువ.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. 25.7 యూనిట్లు మిగిలిన కారు 100 వేగంలో కిలోమీటరుకు 185 తింటే పూర్తి రేంజ్ 139. 100 నుంచి 15 శాతం దాకా 118 కిలోమీటర్లు, ఆగి 80 దాకా నింపితే ఇంకో 90. మొత్తం 208. రెండోసారీ ఆగక తప్పదు. అదే 80 వేగంలో 145 తింటే రేంజ్ 177. మొదటి విడత 150, ఆగి 90 శాతం దాకా నింపితే 133. ఒక్క ఆగుడుతో ఊరు చేరతారు. వేగం తగ్గడంతో పోయే సమయం 40 నిమిషాలు, తప్పిన రెండో ఆగుడు కూడా ఇంచుమించు అంతే.

## క్యాలిబ్రేషన్

ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీలో 20 నుంచి 90 శాతం మధ్య వోల్టేజీ దాదాపు కదలదు. ఎంత మిగిలిందో వోల్టేజీని చూసి చెప్పడం కారు కంప్యూటరుకు కష్టం. నెలల తరబడి 30, 80 మధ్యే తిప్పితే దాని లెక్క తప్పుతుంది. ఉన్నదాన్ని లేదని చూపిస్తుంది, లేదా లేనిదాన్ని ఉన్నట్టు చూపించి దారిలో వదిలేస్తుంది. మందు సులువు: ఒకసారి 10, 15 శాతం దాకా దించి, నెమ్మది ఛార్జర్‌తో 100 దాకా నింపి, ప్లగ్‌లోనే రెండు మూడు గంటలు ఉంచడం. వారానికి రెండుసార్లుగా రెండు మూడు వారాలు చేస్తే తేడా తెలుస్తుంది. తర్వాత వారానికోసారి 100 చేస్తే చాలు. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకానికి రోజూ 80 దగ్గర ఆపి, నెలకు ఒకసారో రెండు నెలలకు ఒకసారో 100 చేయడం మేలు. మీది ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది.

ఒక హెచ్చరిక. క్యాలిబ్రేషన్ బ్యాటరీని బాగుచేయదు, అంకెను నిజం చేస్తుంది. "రీకండిషనింగ్ చేసి పాత రేంజ్ తెప్పిస్తాం" అని డబ్బు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. రేంజ్ కోసం 12 వోల్టుల చిన్న బ్యాటరీ మార్చమన్నా నమ్మకండి. అది పాడైతే కారు స్టార్ట్ కాదు, ఎర్రర్లు వస్తాయి. రేంజ్‌కూ దానికీ సంబంధం లేదు.

## వారంటీ

మన దగ్గర చాలా ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. సామర్థ్యం ఇంతకంటే పడిపోతే మారుస్తామన్న హద్దు చాలా కంపెనీల్లో 70 శాతం. కొన్ని వారంటీ పుస్తకాల్లో అంకె ఉండదు, "తయారీ లోపం" అనే ఉంటుంది. కాబట్టి మీ పుస్తకంలోని వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి. ట్యాక్సీగా తిప్పే కారుకు షరతులు వేరుగా ఉండొచ్చు.

ఎక్కువమంది చేసే తప్పు హెల్త్ 70 కిందికి పడేదాకా నోరు మెదపకుండా ఉండడం. 76, 77 ఉన్నప్పుడే, వారంటీ ఇంకా ఏడాది మిగిలి ఉండగానే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, జాబ్ కార్డులో "రేంజ్ తగ్గింది" అని రాయించుకుని, హెల్త్ రిపోర్టు తీసుకోండి. ఆరు నెలలకోసారి అదే పని. నోటిమాటకు విలువ లేదు. ఒక సెల్ బలహీనపడిన గుర్తులుంటే శాతం గురించి వాదించకండి. సెల్స్ మధ్య వోల్టేజీ తేడాను 15 శాతం ఛార్జి దగ్గర కొలిచి రిపోర్టులో పెట్టమని అడగండి. సగం ఛార్జి దగ్గర కొలిస్తే, ముఖ్యంగా ఎల్‌ఎఫ్‌పీలో, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

క్లెయిం ఎక్కువగా తిరస్కరించేది వీటివల్ల: అడుగున రాయి తగిలి ప్యాక్ సొట్టపోవడం, వరద నీళ్లు, తప్పిన సర్వీసులు, వేరే రకం కూలెంట్ పోయడం, బయటివాళ్లు ప్యాక్ విప్పడం. మొదటి రెండూ వారంటీ కింద కాకుండా ఇన్సూరెన్స్ కింద అడగాల్సినవి. ఒప్పుకున్నాక వచ్చేది కొత్త ప్యాకే అని అనుకోవద్దు. బాగుచేసిన ప్యాక్ రావచ్చు, ఒక్క మాడ్యూలే మార్చవచ్చు. మిగిలిన వారంటీ పాత తేదీ నుంచే లెక్కిస్తారా, కొత్తగా ఇస్తారా అన్నది ముందే రాయించుకోండి.

కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. అప్పుడు నిలబడేవి ఆ జాబ్ కార్డులే.

## మాడ్యూల్ రిపేరు

వారంటీ దాటిపోయి, నష్టం ఒక్కచోటే ఉందని తేలితే ఇది తెలివైన దారి. అన్ని సెల్స్ సమానంగా అరిగితే ఇది వృథా. 80 శాతం మీద ఉన్న మాడ్యూళ్ల మధ్య కొత్తది ఒకటి పెడితే ప్యాక్ 80 దగ్గరే ఉంటుంది. వరసలో బలహీనమైనదే హద్దు. పైగా కొత్తదాన్నీ పాతవాటినీ సమం చేయలేక కంప్యూటరు మళ్లీ ఎర్రర్లు చూపిస్తుంది. అందుకే వేసే మాడ్యూల్ సామర్థ్యమూ అంతర్గత నిరోధమూ మిగతావాటికి దగ్గరగా ఉండాలి. అదే మోడల్ పాత కారుదే చాలాసార్లు సరిగ్గా కుదురుతుంది.

షెడ్డు ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి: మూత రబ్బరు సీలు కొత్తది వేస్తారా? మూసాక గాలి పీడనంతో లీకు పరీక్ష చేస్తారా? కూలెంట్ జాయింట్లకు పీడన పరీక్ష ఉందా? ఇన్సులేషన్ నిరోధం కొలిచి కాగితం ఇస్తారా? వీటిలో ఒక్కదానికి తడబడినా బండి అక్కడ వదలొద్దు. మూత సరిగ్గా కూర్చోకపోతే మొదటి వానకే లోపలికి నీళ్లు చేరతాయి. ఇంట్లో విప్పే ఆలోచన అసలు వద్దు. లోపల 300 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటుంది, ప్రాణం తీస్తుంది.

## కొత్త ప్యాక్

కొటేషన్ తీసుకునేటప్పుడు విడిగా కొనే లిథియం బ్యాటరీకి 18 శాతం జీఎస్టీ ఉంటుందని గుర్తుంచుకోండి. కొత్త ఎలక్ట్రిక్ కారు మొత్తానికి పడేది 5 శాతమే. ఈ ఒక్క తేడా చాలాసార్లు ప్యాక్ కంటే కారు మార్పిడి వైపే మొగ్గేలా చేస్తుంది. ప్యాక్ కొత్తదా బాగుచేసినదా, తయారైన నెల ఏది, వారంటీ ఎంత, పాత ప్యాక్ ఇచ్చేస్తే ఎంత తగ్గిస్తారు, సాఫ్ట్‌వేర్ జత చేయడం, కూలెంట్, కూలీ ధరలో కలిసాయా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

మా అభిప్రాయం ఇది: మంచి బ్యాటరీతో ఈ కారు మార్కెట్‌లో పలికే ధరలో సగం కంటే కొటేషన్ ఎక్కువైతే వేయించొద్దు. సగం లోపు ఉండి, బాడీ, సస్పెన్షన్ బాగుండి, ఇంకో ఐదేళ్లు రోజుకు వంద కిలోమీటర్లు తిప్పేవాళ్లయితే వేయించండి.

## అమ్మాలా, పాత్ర మార్చాలా

ఇంట్లో రెండో బండి ఉంటే అమ్మే ముందు ఒక మాట. 120 కిలోమీటర్లు ఇచ్చే కారు ఊళ్లో తిరగడానికి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. దూరప్రయాణాలు రెండో బండికి వదిలేసి, పిల్లల బడి, బజారు, ఆఫీసు దీనికి అప్పగిస్తే కిలోమీటరు ఖర్చు పెట్రోలుతో పోలిస్తే ఎంతో తక్కువ. ఆఫీసులో ప్లగ్ పెట్టే వీలుంటే రేంజ్ రెట్టింపయినట్టే.

అమ్మక తప్పనివాళ్లు: ఇల్లు మారి రోజూ 150 కిలోమీటర్లు తిరగాల్సి వచ్చినవాళ్లు, ఇంట్లో ఛార్జింగు లేక ప్రతిసారీ ఫాస్ట్ ఛార్జర్ మీదే బతికేవాళ్లు, ట్యాక్సీ నడిపేవాళ్లు. ట్యాక్సీకి రోజుకు ఒక అదనపు ఆగుడు అంటే ఒక ట్రిప్పు పోయినట్టు. వారంటీ రెండేళ్లు మిగిలి ఉండగా అమ్మితే వచ్చే ధరకూ, అది ముగిశాక వచ్చే ధరకూ చాలా తేడా ఉంటుంది. తెలంగాణలో కొత్త ఎలక్ట్రిక్ కారుకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ప్రకటించారు కాబట్టి మార్పిడి లెక్కలో దాన్నీ కలుపుకోండి.

కొనేవాడి వైపు నుంచి కూడా ఇవే ప్రశ్నలు. కొన్ని కంపెనీల లైఫ్‌టైమ్ వారంటీ మొదటి ఓనరుకే వర్తిస్తుంది, పేరు మారగానే ఏళ్లకూ కిలోమీటర్లకూ కుదించుకుపోతుంది. ఆర్‌సీ బదిలీతో పాటు వారంటీ బదిలీకి సర్వీస్ సెంటర్‌లో విడిగా దరఖాస్తు పెట్టాల్సిన కంపెనీలూ ఉన్నాయి. నెల లోపు తీసిన హెల్త్ రిపోర్టు, పైన చెప్పిన మూడు కొలతల కాగితం అమ్మేవాడు చూపిస్తే బేరం సగం అక్కడే తెగుతుంది. చూపించకపోతే, 100 నుంచి 20 దాకా మీరే ఒక రోజు నడిపి చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.